తలకోనకు తోడు

"నేను పోలేదా తలకోనకు, ఒక్కదాన్నే? పదిహేడేండ్లకే పోయినా. దాంట్లో చెప్పుకునేదానికి ఏముండాది? పోయినా, చూసినా, వచ్చినా. అంతే," అన్నది మునిరత్నమ్మ, చింతకాయ మీద కొయ్యతో ఒక్కటేస్తూ.

ఆమె అంతే అన్నదంటే అంతటితో అయిపోదని తిన్నె మీద కూర్చున్న అందరికీ తెలుసు. మునిరత్నమ్మ కాపురం సత్యవేడులో. ఏటా చింతకాయ కొట్టే రోజులకు పూతలపట్టుకు, పుట్టింటికి వస్తుంది. ఆమె వచ్చిందని తెలిస్తే పక్కింటి సంతోషమ్మ పిలవకుండానే కత్తి తెచ్చుకుని గింజలు తీయడానికి కూర్చుంటుంది. చేతులు పనిలో ఉంటాయి, చెవులు మునిరత్నమ్మ నోటి దగ్గర ఉంటాయి.

ఎనభై ఏడు ఎండాకాలం నాటి ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఈ కథ దానంతట అది మొదలు కాలేదు. మొదలుపెట్టించింది ఆమె మేనకోడలు పంకజాక్షి.

పంకజాక్షి కాలేజీవాళ్ళు ఆడపిల్లలకు కొండ నడక శిబిరం పెట్టారు. నాలుగు రోజులు తలకోన అడవిలో. సోమవారం పది గంటలకు అందరూ భాకరాపేట బస్టాండులో ఉండాలి, అక్కడిదాకా ఎవరికి వారు రావాలి. ఆ 'ఎవరికి వారు' దగ్గర ఇంట్లో అంతా ఆగిపోయింది. నాయన ఏకాంబరానికి సోమవారం మామిడితోట బేరం ఉంది. "తోడు లేనిదే గడప దాటేది లేదు," అన్నాడు. అమ్మ శకుంతలమ్మ ఎప్పటిలాగే ఏమీ అనలేదు. రేపే సోమవారం.

పొద్దున బావి దగ్గర అత్తను పట్టుకుని పంకజాక్షి బతిమాలింది. "నువ్వు ఒక్కదానివే పోయినావంట గదా అత్తా, ఆ మాట నాయన ముందర చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

"ఉన్నదున్నట్టే చెప్తా. నేనెప్పుడన్నా ఇంకో రకంగా చెప్పినానా?" అన్నది అత్త. అప్పుడే పంకజాక్షికి కొంచెం భయమేసింది.

ఇప్పుడు తిన్నె చివర నులకమంచం మీద ఏకాంబరం పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. స్తంభానికి ఆనుకుని అవ్వ జ్ఞానాంబ చింతగింజల్ని గంపలోకి దోస్తోంది. గడప పక్కన శకుంతలమ్మ చింతపండు ఈనెలు తీస్తోంది. అవ్వకు చెవులు సరిగా వినపడవని ఇంట్లో అందరి నమ్మకం.

"మా పెద్దక్కను నెరబైలుకిచ్చినారు గదా," మునిరత్నమ్మ గొంతు సవరించింది. "ఆవు ఈనింది, పాలు దండిగా ఉండాయి, ఈ ఊరి పెరుగు నోట పెట్టుకోలేకుండా ఉండాను, మనింటి తోడు పంపమ్మా అని కార్డు రాసింది. మన ఇంటి తోడుతో తోడుకుంటేనే గదా మన ఇంటి పెరుగు. అమ్మ సత్తు డబ్బాలో గడ్డపెరుగు పోసి, మూత బిగించి, గుడ్డ కట్టి నా చేతికిచ్చింది. నాయన రోడ్డు దాకా తనే వచ్చి నా భుజం తట్టి, 'నా కూతురు పులిబిడ్డ, దానికి తోడెందుకు?' అని బస్సెక్కించినాడు."

పేపరు జానెడు కిందికి దిగింది. ఏకాంబరం వింటున్నాడు. ఇక్కడ ఆపేస్తే బాగుండునని పంకజాక్షి మనసులో కోటి దండాలు పెట్టుకుంది.

"బస్సు పీలేరు దోవలో ఒక మిట్ట ఎక్కలేక నిలబడిపోయింది. అందరూ దిగి తోసినారు. మొగోళ్ళు నలభై మంది, మీసాలు లెక్కేస్తే ఎనభై. ఇంచీ కదల్లే. నేను ఓణీ నడుముకు చుట్టి, డబ్బా ఒక చేత్తో పట్టుకునే, రెండో భుజం ఆనించినా. కదిలింది! కదలడమంటే ఎట్లనుకున్నారు, డ్రైవరు ఇంకా కింద బీడీ తాగతా ఉండాడు, బస్సు మిట్టెక్కి, అవతల దిగి, నేరుగా పీలేరు బస్టాండులో పోయి నిలబడింది."

"డ్రైవరు లేకుండానే అక్కా?" అన్నది సంతోషమ్మ.

"నేనుండా గదా! కండక్టరు పరిగెత్తుకుంటా వచ్చి 'నీకు తోడెవరు పాపా?' అని అడిగినాడు. 'నీకే నేను తోడు, భయపడాకు, ఎక్కు' అన్నా."

ఏకాంబరం పేపరు వెనక నవ్వాడు. పంకజాక్షి అత్త మోకాలిని గిల్లింది. మునిరత్నమ్మ ఆ గిల్లుడును మెచ్చుకోలు అనుకుంది.

"ఆ పైన ఏమైందనుకున్నారు? నెరబైలు దాకా పోయినాను గదా, అక్క ఇల్లు యాడికి పోతుంది, ముందు తలకోన చూసొస్తామని అడవిలోకి తిరిగినా. నడస్తా ఉండా, నడస్తా ఉండా, దోవకు అడ్డంగా చిరుతపులి. నేను నిలబడినా. అది నిలబడింది. నేను దాని కండ్లల్లోకి చూసినా. అది డబ్బా దిక్కు చూసింది. బస్సు కుదుపులకు పెరుగు మీద వెన్న తేలింది గదా, ఆ వాసన. మూత తియ్యకముందే ఒక్క పంటి గాటు పెట్టింది, ఆ నొక్కు ఇప్పటికీ డబ్బా మీద ఉండాది, కావాలంటే లోపలికి పోయి చూడండి. 'మర్యాదగా అడిగితే పెట్టనా?' అని ఒక ముద్ద తీసి ఇసిరినా. నాకింది. మూతి తుడుచుకుంది. ఇంక అక్కణ్ణుంచి తలకోన దాకా, సంతకు పోయే మొగుడి ఎనకాల పెండ్లాం మాదిరి, నాలుగడుగులు ఎడం పెట్టి తల దించుకుని నడిచొచ్చింది."

సంతోషమ్మ నవ్వలేక కత్తి పక్కన పెట్టింది. "ఇప్పుడేం చేస్తా ఉండాది ఆ పులి?"

"మాంసం మానేసింది. అడవిలో ఎవరన్నా పెరుగన్నం మూట ఇప్పితే దూరంగా వచ్చి కూర్చుంటాదంట. పెట్టినోళ్ళకు పెట్టినంత."

"అత్తా, చాల్లే," అన్నది పంకజాక్షి, ఏడుపు గొంతుతో.

"తీగ సంగతి చెప్పొద్దా? ఆడ గిల్లతీగ ఉండాది, మనిషి నడుమంత లావు, కొండ ఈ పక్కనుంచి ఆ పక్కకు. పట్టుకుని ఊగినా. మొదటి ఊపుకు చంద్రగిరి కోట కనబడింది. రెండో ఊపుకు తిరుమల గోపురం కనబడింది, ఆడనుంచే దండం పెట్టుకున్నా. మూడో ఊపుకు మన పూతలపట్టే! అమ్మ మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తా ఉండె. నన్ను చూసి 'ఎండలో తిరగాకు పాపా' అని అరిచింది. ఏమ్మా, అరవలా?"

జ్ఞానాంబ తలెత్తలేదు. గింజలు దోస్తూనే ఉంది.

ఏకాంబరం పేపరు మడిచి మంచం మీద పెట్టాడు. నవ్వుతూనే ఉన్నాడు, కానీ ఆ నవ్వు మీద తాళం వేసినట్టుంది.

"అయిపోయిందా రత్నా? బస్సు ఒక కోత. పులి ఒక కోత. తీగైతే కొండంత కోత. వీటన్నిటికన్నా మొదటి కోత నేను చెప్తా, ఇనండి. 'ఒక్కదాన్నే పోయినా' అనేది. ఆ పొద్దు దీన్ని నెరబైల్లో దిగబెట్టొచ్చింది నేను. నాయన బతికినన్నాళ్ళూ చెప్పలేదా, 'ఏకాంబరం తోడు పోబట్టి సరిపోయింది' అని? ఆడపిల్ల ఒంటిగా పోయింది అనేది ఈ ఇంట్లో ఎన్నడూ లేదు. రేపూ ఉండదు."

పంకజాక్షి అత్త వైపు చూసింది. మునిరత్నమ్మ నోరు తెరిచి, తల్లి వైపు ఒక్క చూపు చూసి, మళ్ళీ మూసుకుంది. చేతిలో చింతకాయ అలాగే ఉంది. ఇక శిబిరం లేదు, కొండ లేదు అనుకుంది పంకజాక్షి. ఇరవై మంది ఆడపిల్లలు తను లేకుండా నడిచిపోతారు.

"ఏకాంబరా," అన్నది జ్ఞానాంబ.

గంప పక్కకు జరిపింది.

"పులి లేదు. బస్సును ఇది తోసిందీ లేదు. ఆ నొక్కు నేను డబ్బాను బావి గట్టు మీద పడేసినప్పుడు పడింది. తీగ ఊగిందేమో నాకు తెలీదు కానీ, ఆ పొద్దు నేను మిరపకాయలైతే ఆరబోయలే. పెద్దదాని కాడనుంచి కార్డు వచ్చేదాకా మూడు దినాలు నాకు ముద్ద దిగలే. ఎందుకంటే ఇది ఒక్కటే పోయింది. తోడు పోవాల్సిన నువ్వు ముందురోజు చిత్తూరికి సినిమాకు పోయి తెల్లారినా రాలేదు."

ఏకాంబరం ఏదో అనబోయాడు. అవ్వ ఆగలేదు.

"బస్సుకు టైమయింది. మీ నాయన వరి కయ్యలోనుంచి కేకేసినాడు, 'తోడు పెట్టినావా?' అని. నేను సత్తు డబ్బాకు మూత బిగిస్తా ఉండినా. 'పెట్టినా' అన్నా. నేను అబద్ధం చెప్పలే. నువ్వు మర్నాడు వచ్చి, నాయనకు భయపడి, 'దిగబెట్టొచ్చినా' అన్నావు. ఇరవై రెండేండ్లు చెప్పి చెప్పి నువ్వే నమ్మేసినావు."

"నీకు నాయన మాట సరిగా వినపడక, పెరుగు సంగతనుకుని..." అన్నాడు ఏకాంబరం, దారి వెతుక్కుంటూ.

"నా చెవులు అప్పుడు బాగానే ఉండె. ఇప్పుడూ బాగానే ఉండాయి."

ముందు సంతోషమ్మకే నోరు ఆగలేదు. "ఆయమ్మ కోతలో పులన్నా ఉండాది. నీ కోతలో నువ్వు కూడా లేవు గదన్నా!"

పకపకా నవ్వు లేచింది. మునిరత్నమ్మ మాత్రం నవ్వలేదు. "నిజం చెప్తే నాయన అమ్మను బతకనిచ్చేవాడు కాదు, నిన్నూ కొట్టేవాడు. అందుకని, ఒంటిగా పోయిందీ ఒక కోతే అనుకునేట్టు, పులిని చెప్పుకుంటా వచ్చినా," అన్నది అన్నతో, మెల్లగా.

"అత్తా," పంకజాక్షి అడిగింది, "మరి నిజంగా ఏం చూసినావు?"

మునిరత్నమ్మ ఆలోచించింది. ఆమె ఒక ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పడం అదే మొదటిసారి కాబోలు.

"నీళ్ళు పైనుంచి పడతా ఉండాయి. ఒక బండ మీద కూర్చున్నా. డబ్బాలో ఇంత పెరుగు తీసి సద్దిలో కలుపుకుని తిన్నా. కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకున్నా. ఒక ఆకు కొట్టుకుని వస్తే అది పోయేదాకా చూసినా. అంతే. కానీ పాపా, పొద్దు మళ్ళేదాకా నన్ను ఎవరూ పిలవలేదు. 'రత్నా నీళ్ళు తే, రత్నా పొయ్యి చూడు, రత్నా యాడుండావు' అని ఒక్క గొంతు లేదు. నా పేరు నేనే ఒకసారి గట్టిగా పిలుచుకున్నా, ఉండాదో లేదో అని. కొండ తిరిగి పలికింది. ఆ పొద్దు తర్వాత అట్లాంటి పొద్దు నాకు మళ్ళా రాలే."

అది కోత కాదని చెప్పాల్సిన పని ఎవరికీ పడలేదు.

జ్ఞానాంబ గంప మళ్ళీ దగ్గరికి లాక్కుంది. గింజలు దోస్తూ, లోపలికి వినపడేట్టు కాదు, తిన్నె అంతా వినపడేట్టు అడిగింది.

"శకుంతలా, పొద్దున్నే బిడ్డ బస్సుకు పోవాల. తోడు పెట్టినావా?"

శకుంతలమ్మ చేతులు దులుపుకుని లేచింది. లోపలికి పోయింది. అటక మీద గిన్నెలు కదిలిన చప్పుడు, పెరుగు కుండ మూత తీసిన చప్పుడు. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో నొక్కు పడిన సత్తు డబ్బా ఉంది. మొగుడి ముందరినుంచే నడిచి, దాన్ని కూతురి ఒళ్ళో పెట్టింది.

"పెట్టినా అత్తా," అన్నది.

ఏకాంబరం పేపరు తీసుకున్నాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. కూతురి ఒళ్ళోని డబ్బాను చాలాసేపు చూశాడు.

"మూత గట్టిగా బిగించండి," అన్నాడు చివరికి. "పీలేరు దోవలో బస్సు కుదుపుతాది."