శారీ గార్డు

కోరుట్లలో మెకానిక్ షెడ్డు. ఏళ్ల తరబడి మస్కట్‌లో ఉండి వచ్చిన మనిషి తన పాత బండి వెనక చక్రం పక్కనున్న శారీ గార్డు ఇనప జాలిని తుడుస్తున్నాడు.

“గీ జాలి పీకేద్దామా అన్నా? పాత బండ్లకు గిప్పుడు గదే ఫ్యాషన్,” అన్నాడు మెకానిక్.

“వద్దు తమ్మీ. రేపు మీ వదినెను ఎక్కించుకొని వేములవాడ పోవాలె. పెండ్లప్పుడు గుడిల కోడెను కడ్తమని మొక్కిన మొక్కున్నది.”

“అప్పట్ల గిది లేకుంటే బండి పాస్ కాకపోతుండె. చీర చక్రంల పడ్తదని రూలు.”

“బండి కొన్న నెలకే నేను మస్కట్ పోయిన. ఆమె ఒక్కసారన్న ఎక్కలె.”

మెకానిక్ పానా కింద పెట్టాడు.

“వదినె మొన్ననే స్కూటీ మీద పోయి మొక్కు తీర్చుకొని అచ్చిందన్నా. నీకు చెప్పలేదా?”

తుడిచే చేయి ఆగిపోయింది.

“చెప్పలె.”

“మరి జాలి తీసెయ్యాల్నా?”

“ఉండనియ్యి. ఆమె చీర గురించి సర్కారైనా ఆలోచన జేసింది.”