తిమ్మప్ప ఆపిన ట్యాంకు, మాలతి చదివిన కాలేజీ

వనపర్తిలో పెద్దమందడి రోడ్డు మలుపు దగ్గర ఖుర్షీద్ బేగం చాయ్ హోటల్. మధ్యాహ్నం పూట అక్కడ గోడవారగా ఉన్న బెంచీ హవల్దార్ తిమ్మప్పది. ఆయన గద్వాల వైపు మనిషి. పట్టాళం నుంచి దిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇక్కడి సర్కారు దవాఖానలో మందులిచ్చే బిడ్డ మాలతి దగ్గర ఉంటున్నాడు. ఇస్త్రీ చొక్కా, ఆకుపచ్చ టోపీ, రెండు కొసలూ పైకి తిరిగిన మీసం. ఆయన మొదలుపెడితే గ్లాసులో చాయ్ మీద మీగడ కడుతుందని ఆటో నరేందర్ వెక్కిరిస్తాడు. వెక్కిరించి, అందరికన్నా ముందు వాడే దగ్గరికి జరిగి కూర్చుంటాడు.

ఆ రోజు ఖుర్షీద్ ఆయన కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసింది. ఆమె బిడ్డ సుహానాకు హైదరాబాదులో నర్సింగ్ సీటు వచ్చింది. మొదటి ఏడు ఫీజుకు చేతి గాజులున్నాయి. ఆ తర్వాతి ఏళ్లకు ఏమీ లేదు. కల్వకుర్తిలో బట్టల దుకాణం ఉన్న తమ్ముడు ఇంతియాజ్ సాయంత్రం బస్సుకు వస్తానన్నాడు. సుహానాను తీసుకుపోయి దుకాణంలో కూర్చోబెడతాడట, చదువు సంగతి వచ్చే ఏడు చూద్దామట. మంచివాడే, మేనకోడలంటే ప్రాణం. కానీ వచ్చే ఏడు అంటే ఎప్పుడూ కాదని తల్లికీ తెలుసు, మూల కూర్చుని గ్లాసులు కడుగుతున్న బిడ్డకూ తెలుసు.

ఖుర్షీద్ భర్త యాకూబ్ కూడా పట్టాళంలో చేసినవాడే. పింఛను మీద ఇంటికొచ్చాక జబ్బు చేసి పోయాడు. మాలతి కాలేజీ ఖర్చు పట్టాళమే భరించిందని నిన్న ఎవరో అనుకుంటుంటే ఆమె చెవిన పడింది. అందుకే చాయ్ గ్లాసు చేతికిస్తూ నేరుగా అడిగేసింది.

"అన్నా, మాలతమ్మ చదువుకు పట్టాళమోళ్ళే పైసలిచ్చిన్రంట, నిజమేనా?"

"నిజమేనా అంటవేంది చెల్లె. మాలతికి ఫార్మసీ సీటొచ్చె, నా దగ్గర సూస్తె ఏం లేకపాయె. ఎట్లరా అని పరేషాన్ల ఉంటే ఎవరో చెప్పిన్రు, పాలమూరుకు పోయిన, సైనిక బోర్డు ఆఫీసుకు. కాయిదాలు బల్ల మీద పెట్టిన. రాసుకున్నరు. ఏడాదికింత అని బిడ్డ చదువైపోయేదాంక స్కాలర్‌షిప్పు వచ్చింది."

కథ అక్కడ ఆగిపోయినా బాగుండేది. ఖుర్షీద్ గుండెలో ఏదో తేలికయింది, అడగవలసిన రెండో మాట నాలుక చివర దాకా వచ్చింది. ఇంతలో వాకిట్లో పల్లికాయ గంప దింపుకుని కూర్చున్న అంజమ్మ, ఊకెనే ఇచ్చిన్రా అంది. తిమ్మప్ప ముందు అనకూడని మాట అదే.

"ఊకెనే ఎవడిస్తడు అంజమ్మా? ఆ ఆఫీసరు నా పేరు చదివిండు. చదివి, కండ్లద్దాలు తీసిండు, తుడిసి పెట్టుకుండు, మల్ల చదివిండు. నువ్వేనా ఆ తిమ్మప్పవు అన్నడు. నేనేమన్న? ఏ తిమ్మప్పనో నాకేం తెల్వదు సార్, నేనైతె తిమ్మప్పనే అన్న. అంతే, ఢిల్లీకి ఫోన్ కొట్టిండు. ఢిల్లీల ఫోన్ ఎత్తినాయన నా పేరు ఇనంగనే లేసి నిలబడ్డడంట. ఆయన లేస్తె పక్కాయన లేసె, పక్కాయన లేస్తె అంతస్తు లేసె. అక్కడి బూట్ల సప్పుడు పాలమూరు ఫోన్ల ఇనొచ్చింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా?"

నరేందర్ నోటి దగ్గరికి తెచ్చుకున్న బిస్కెట్టు చాయ్‌లో తెగిపడింది, వాడు చూసుకోలేదు.

ఆ తర్వాత జనరలే బయల్దేరాడట. తిమ్మప్పను ఢిల్లీకి పిలిపించడం మర్యాద కాదని, తానే హెలికాప్టర్ ఎక్కి తిమ్మప్ప ఊరికి వచ్చాడట. ఊళ్లో దిగడానికి జాగా ఎక్కడుంది? పల్లి చేను మీదే దింపారు. ఆ రెక్కల గాలికి చేనంతా వేళ్లతో సహా లేచి, మట్టి ఒక దిక్కు, ఆకు ఒక దిక్కు, కాయలు ఒక దిక్కు పడి, రాశి పోసినట్టు నిలిచాయట. ఆ ఏడు ఊళ్లో పల్లి పీకడానికి ఒక్క కూలి మనిషిని పిలవలేదట. అంజమ్మ తన గంప వైపు, తన వేళ్ల వైపు చూసుకుని, అసొంటి గాలి మా దిక్కు ఎన్నడన్న కొట్టిందా అని గట్టిగా నిట్టూర్చింది. ఆమెకు నమ్మకం కుదిరినట్టే కనిపించింది.

ఖుర్షీద్ కూడా నమ్మింది. నమ్మకపోవడానికి ఏముంది, మాలతి కళ్లెదుట ఉంది. రోజూ తెల్లకోటు వేసుకుని ఈ రోడ్డు మీదే పోతుంది. అంత చదువు ఒక పిల్లకు వట్టిగా వచ్చిందంటే దాని వెనక జనరలైనా ఉండాలి, హెలికాప్టరైనా ఉండాలి. పొయ్యి మీద పాలు పొంగి అంచు దాటుతుంటే సుహానా లేచి వచ్చి మంట తగ్గించింది. తల్లి కళ్లు తిమ్మప్ప మీసం మీదనే ఉన్నాయి.

జనరల్ హెలికాప్టర్ దిగి, తిమ్మప్పా ఏం కావాలె అన్నాడట. నా బిడ్డకు కాలేజీ కావాలె సార్ అన్నాడట ఈయన. ఒక్క కాలేజీయేనా అని జనరల్ చిన్నబోయాడట.

"అన్నిటినీ పంపుత, పిల్లకు ఏది నచ్చితె అది పెట్టుకో అన్నడు. మూడో దినానికి దిగినయి. పట్టాళం బండ్లు, ఒక్కొక్క బండి మీద ఒక్కొక్క కాలేజీ. గోడలు, గడియారం, గేటు కాడి వాచ్‌మెన్‌తోని సహా. ముందు బండి మా వాకిట్ల ఉంటే ఎనక బండి కొల్లాపూర్ కాడ ఉన్నది. అక్కడ మామిడి తోటల రోడ్డు ఇరుకు కద, బండ్లకు అడ్డం రావద్దని చెట్లు కొమ్మలు పైకెత్తి పట్టుకున్నయి. ఆ ఎనకటి బండ్లు కృష్ణ దాటాలె. పడవ చాలదు. మేజర్ ఒకాయన ఒడ్డు మీద నిలబడి సావధాన్ అన్నడు, నీళ్ళు గట్లనే నిలబడ్డయి, అటు సగం, ఇటు సగం."

"మరి నీళ్ళల్ల చాపలేమైనయి తాతా?" అన్నాడు నరేందర్.

"చాపలు గూడ నిలబడ్డయి. తోకల మీద."

రోడ్డు మీద పోతున్న ఇద్దరు ముగ్గురు చాయ్ చెప్పకుండానే వచ్చి నిలబడ్డారు. మాలతి వాకిట్లోకి వచ్చి కాలేజీలను వరసగా చూసి, ఆ మూడోదానికి కిటికీలు మంచిగున్నయి నాయనా అన్నదట. మిగిలినవి చిన్నబుచ్చుకుని వెనక్కి మళ్లాయట.

అందరూ ఆశ్చర్యంలో మునిగి ఉంటే ఖుర్షీద్ ఒక్కతీ మెల్లగా వెనక్కి తగ్గుతోంది. తిమ్మప్ప కథ ఎంత పైకి పోతుంటే ఆమె అంత కిందికి దిగిపోతోంది. యాకూబ్ పట్టాళంలో వంటవాడు. లంగర్ అంటారు, సిపాయిల వంటిల్లు. పెద్ద చదువుల సంగతి ఎప్పుడన్నా ఎత్తితే, ఆ ఇచ్చేటివి గుండ్లు తిన్నోళ్ళకే ఖుర్షీద్, రొట్టెలు చేసినోళ్ళకు కాదు అని తనే తుంచేసేవాడు. ఊళ్లో ఎవరన్నా యుద్ధం గురించి అడిగితే తల వంచుకుని పక్కకు పోయేవాడు. ఇంతటి జనరల్ ముందు తను ఏం చెప్పుకోవాలి? మా ఆయన పప్పు మంచిగ చేస్తుండె అనా? సాయంత్రం ఇంతియాజ్ వస్తాడు, పెట్టె కట్టి పిల్లను పంపడమే. అయినా ఆఖరుగా ఒక్కమాట తెలుసుకుందామనిపించింది.

"గింత జేసిన్రంటే, నువ్వు అక్కడ ఏం జేస్తివన్నా?"

తిమ్మప్ప ఆ ప్రశ్న కోసమే ఇంతసేపూ ఆగినట్టు గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"మంచు కొండ. పైన నేనొక్కణ్ణే ఉన్న. కింద నుంచి ట్యాంకు వస్తున్నది. ట్యాంకు కొండెట్ల ఎక్కిందని అడగకు నరేందర్, నాకూ అదే అనుమానమొచ్చింది, కాని అడిగేటందుకు టైం లేకుండె. తుపాకీల గుండు లేదు. ట్యాంకు చూస్తె ఎర్రగ కాలుతున్నది, దాని మీద పడ్డ మంచు సుయ్యిమని పొగైపోతున్నది. నేను జరగలే. అది రెండు జానల దూరంల ఉండంగ ఇట్ల వంగిన."

ఆయన వంగాడు. కుడి చేతి వేళ్లను పక్కనున్న దేనిలోనో అద్దినట్టు గాలిలో రెండుసార్లు తాటించాడు. చిటికెన వేలి అంచును నేలకు ఆనించి ముందుకు తోసి, మణికట్టును ఒక్క విసురు తిప్పాడు.

"అంచు కిందికి చెయ్యి పెట్టి గిట్ల తిప్పేసిన. ట్యాంకు బోర్ల పడ్డది. అటు దిక్కు గూడ కాలినంక మల్ల తిప్పిన. గుమ్మటం లెక్క ఉబ్బింది. రెండు వేళ్ళతోని అందుకొని సరిహద్దు అవతలికి ఇసిరేసిన."

అంజమ్మ రెండు చేతులూ జోడించింది. ఖుర్షీద్ మాత్రం ఆయన చేతినే చూస్తోంది. ఆ విసురు ఆమెకు తెలుసు. పట్టాళం నుంచి సెలవు మీద వచ్చిన ప్రతిసారీ యాకూబ్ ఆమెను పొయ్యి ముందు నుంచి లేపి తనే కూర్చునేవాడు. అట్లకాడ ముట్టేవాడు కాదు. పొడి పిండిలో వేళ్లు రెండుసార్లు తాటించి, చిటికెన వేలి అంచుతో రొట్టెను తోసి, మణికట్టుతో తిప్పేవాడు. వందల మందికి కాల్చేచోట అట్లకాడ పట్టుకుంటే పని సాగదని చెప్పేవాడు. అట్లా ఇంట్లో ఎవరూ తిప్పరు. ఆమె పొయ్యి దాటి ఇవతలికి వచ్చింది. తిమ్మప్ప చిటికెన వేలి అంచున, మణికట్టు దాకా, నల్లగా కాయకాసి ఉంది.

"అన్నా," అంది మెల్లగా, "నువ్వు లంగర్ల ఉంటివి కద."

తిమ్మప్ప చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ముందు నరేందర్ నవ్వాడు, తర్వాత వాకిట్లో నిలబడ్డవాళ్లు నవ్వారు, ట్యాంకుల కూర గిట్ల పెట్టినవా తాతా అని ఎవరో అన్నారు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని చెప్పుల కోసం వెతుక్కున్నాడు. ఖుర్షీద్ దారికి అడ్డంగా నిలబడింది.

"నేను నవ్వనీకె అడగలేదన్నా. మా ఆయన గూడ లంగరే. చచ్చిపొయ్యేదాంక సిగ్గు పడ్డడు. నాకు ఒక్కటే చెప్పు. రొట్టెలు చేసినోని బిడ్డకు గూడ ఇస్తరా?"

తిమ్మప్ప ఆమె ముఖం చూశాడు. ఆమె వెనక తడి చేతులతో నిలబడ్డ సుహానాను చూశాడు. బయట నవ్వులు ఇంకా ఆగలేదు. కావాలనుకుంటే ఆ క్షణాన ఇంకో ట్యాంకును తేగలిగినవాడే. తేలేదు, బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇస్తరు చెల్లె," అన్నాడు. గొంతు ఇప్పుడు మామూలు మనిషి గొంతులా ఉంది. "మాలతికి ఇచ్చిన్రు కద. జనరల్ లేడు, ఎవడు లేడు. పొద్దుందాంక నిలబడితె ఒక పిల్లగాడు కాయిదాలు తీసుకొని, బిడ్డ మార్కులెన్ని అన్నడు. మంచిగనే ఉన్నయన్న. తల ఎత్తి సూడకుండనే రాసుకుండు. ఏ యుద్ధంల ఉంటివని అడుగుతడని నేను రాత్రంత బుగులు పడి పోయిన. ఎవ్వరూ అడగలే."

"అడగలేదా?"

"అడగలే. లంగరా, తుపాకీనా అని గూడ అడగలే. పోయినోళ్ళ బిడ్డలకు గూడ ఉన్నది. ఫీజంత రాదు, కొంత మనమే సూసుకోవాలె. చేతికి రానీకె గూడ ఆలస్యమైతది. కాని వస్తది."

నవ్వుతున్నవాళ్లు ఎప్పుడు ఆగిపోయారో ఎవరూ గమనించలేదు. ఖుర్షీద్ బెంచీ అంచున కూర్చుండిపోయింది. హెలికాప్టర్ దిగినప్పుడు కలగని ఆశ్చర్యం ఆమెకు ఇప్పుడు కలిగింది. పాలమూరులో ఒక ఆఫీసుంది. అక్కడ ఒక పిల్లగాడు తల ఎత్తకుండా, ఏ యుద్ధమని అడగకుండా, రొట్టెలు కాల్చినవాడి బిడ్డ పేరు రాసుకుంటాడు. యాకూబ్ ఒక్కసారి వెళ్లి అడిగి ఉంటే ఊళ్లో తల ఎత్తుకునే తిరిగేవాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఫోన్ తీసింది. బస్సెక్కొద్దని, పిల్ల దుకాణానికి రాదని, చదువుకు పోతుందని ఇంతియాజ్‌కు చెప్పింది. అవతల అతను ఏమేమో అడుగుతున్నాడు. రేపు మాట్లాడుకుందాం, రేపు మేం పాలమూరు పోతున్నం అని పెట్టేసింది.

అంజమ్మ గంపలోంచి రెండు దోసిళ్ల పల్లికాయ తీసి సుహానా ఒళ్లో పోసింది. దారిలో తినమంది.

తిమ్మప్ప కాసేపు ఆ పిల్లనే చూశాడు. తర్వాత టోపీ మళ్లీ తలకు పెట్టుకుని, మీసం కొసలు సవరించుకున్నాడు.

"నేను గూడ వస్త చెల్లె. మీకు దారి తెల్వదు. పొద్దుగాల మొదటి బస్సుకే పోదం. ఆ బస్సు డ్రైవర్‌కు నేనంటే ఎంత భయమంటే, నన్ను సూస్తె చాలు, బస్సు చక్రాలు నేల మీద ఆనవు..."

"వద్దు చాచా," అంది సుహానా, పల్లికాయ ఒలుస్తూ. "నాకు కాలేజీకి చేరేది ఉన్నది. రేపు ఒక్కనాడు బస్సును నేల మీదనే పోనియ్యి."