భానుచందర్ లండన్ రందా

వరంగల్ స్టేషన్ రోడ్డులో సమ్మమ్మ చాయ్ బండి దగ్గర భానుచందర్ మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోవడం కష్టం. చెక్కను నునుపు చేసే పాత రందాలు పోగేయడం ఆయన పిచ్చి. వాటికి విలువ కట్టడంలో తనను మించినవాడు జిల్లాలో లేడని ఆయనే చెప్పుకుంటాడు. ఆ రోజు వడ్రంగి ఇమాం పాషా కూతురు నాజియా, పోయినేడు చనిపోయిన తండ్రి కర్ర రందాను చున్నీలో చుట్టి తెచ్చింది. హైదరాబాద్ బేరగాడొకడు అమ్మమని వెంటపడుతున్నాడు. ఎంతకివ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో ఆమెకు తేలడం లేదు. భానుచందర్ దాన్ని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టి, తన సంచిలోంచి ఇనుప రందా ఒకటి తీశాడు.

"ఇది సూడు బిడ్డా, లండన్ రందా. నెక్కొండల పాత సామాన్ల దుకాణంల తలుపుకు అడ్డం పెట్టిండ్రు. నేను కండ్లు మూస్కొని అరచేతుల పెట్టుకున్న. 'నూట డెబ్బై రెండేండ్లు, మూడు నెలలు' అన్న. దుకాణపాయన పరేషాన్!"

"తారీఖు చెప్పకపోతివి?" సమ్మమ్మ చాయ్ వడపోస్తూ అడిగింది.

"చెప్పబోతుంటే గిరాకీ వచ్చింది అక్కా. సరే, కొనుక్కొని స్టేషన్‌కొచ్చిన. బండి లేటు. ఉట్టిగ కూసునుడెందుకని ఆడ పడున్న టేకు దూలం మీద జర్రంత తోసిన. పొట్టు లేసింది సూడు, ఉల్లిపొర లెక్క! అండ్లకెళ్లి పేపర్ సదివిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పొట్టు తెగుతలేదు! బండొచ్చింది. పొట్టు కొస చేతుల వట్టుకొని ఎక్కిన. వరంగల్ దాటింది, తెగలే. స్టేషన్ ఘన్‌పూర్ దాటింది, తెగలే."

"నీ ఇల్లు వరంగల్‌లనే గదా, దిగలేదా?"

"పొట్టు తెగకుంట ఎట్ల దిగుత అక్కా!"

"నువ్వు బండ్ల ఉంటే ఆడ రందా తోసేదెవలు కాకా?" అంది నాజియా.

"అదే గద బిడ్డా లండన్ మాల్! ఒకసారి దారి వట్టిందంటే అదే తోసుకుంటది. ఇంతల గాలి లేసింది. పొట్టు పోయి పాలకుర్తి గుట్టకు ఏడు సుట్లు సుట్టుకున్నది. గుట్ట మీది దేవునికి పట్టుబట్ట కప్పిండ్రని జనం దండం పెట్టిండ్రు. సైంటిస్టులొచ్చి మందం కొలిస్తే మిషన్ల సున్నా వచ్చింది. మల్లోసారి కొలిచిండ్రు, సున్నా కంటే తక్కువ!"

"మరి ఆ దూలం?"

"ఇసుమంత గూడ అరగలే! అదీ రందా అంటే. లండన్ మ్యూజియమోళ్లు ఫోన్‌ల ఏడ్సిండ్రు, ఇయ్యనన్న. ఇగ మీ నాయినదంటవా, పొయ్యిల కర్ర. ఆ హైదరాబాదోడు నిన్ను ఆగం జేస్తాండు. ఇమాం పాషా నా దోస్తు గాబట్టి రెండొందలిస్త. పెట్టిపో, ఫికర్ జెయ్యకు."

అంటూనే కర్ర రందాను తన సంచి వైపు జరిపాడు. తండ్రి బొటనవేలు పడి పడి గుంటబడిన చోట ఆయన చెయ్యి ఉండటం చూసి నాజియాకు ఒళ్లు మండింది. ఇనుప రందా అందుకుని తిరగేసి చూసింది.

"కాకా, బ్లేడు ఉల్టా బిగించినవ్. నూరిన ఏటవాలు మొహం కిందికుండాలె, నువ్వు మీదికి పెట్టినవ్. దూలం సంగతి దేవుడెరుగు, ఇది సబ్బుబిళ్లను గూడ గీకదు."

"లండన్‌ల... అట్లనే పెడ్తరు."

సమ్మమ్మ నవ్వు ఆపుకోలేక చాయ్ జల్లెడ కింద పెట్టేసింది. నాజియా మాత్రం నవ్వలేదు. తండ్రి రందాను లాక్కుని చున్నీలో చుట్టుకుంది.

"దీని రేటెంతో తెల్వక వారం సంది నిద్రవోలే కాకా. ఇప్పుడు సమజైంది. పొయ్యిల కర్ర కోసం ఎవలన్న నెక్కొండకెళ్లి పాలకుర్తి దాక అబద్ధమాడుతరా? మా అబ్బా రందా నేను అమ్మేది లేదు. నీకూ అమ్మ, ఆ హైదరాబాదోనికీ అమ్మ."

ఆమె లేచింది. "వెయ్యి!" అన్నాడు భానుచందర్ వెనకనుంచి. ఆమె రోడ్డు దాటేసరికి ఆయన కేకల్లో రేటు ఎనిమిది వేలకు చేరింది.

"మెల్లగ ఒర్రు తమ్మీ," అంది సమ్మమ్మ, "ఆ హైదరాబాదోడు ఇంటడు."