ఆ మాట పూర్తయ్యేదాకా

ఇక ఆపండి వదినా, మీకు దణ్ణం పెడతాను. పొద్దున ఎదురింటావిడకి చెప్పారు, ఇందాక పాలతనికి చెప్పారు, ఇప్పుడు ఫోన్లో అన్నయ్యగారికి కూడా మొదలుపెట్టారు. మా మరదలు లేకపోతే మా తమ్ముడు దక్కేవాడు కాదు, మా మరదలు నిమిషంలో నీళ్ళు కుమ్మరించింది అని. ఇది వినీ వినీ నాకు అన్నం సహించడం లేదు.

లేదు, సిగ్గుపడటం కాదు. కూర్చోండి. ఆ తలుపు కాస్త దగ్గరికి వేయండి. పడుకున్నాడులెండి, అయినా వేయండి. మీ తమ్ముడికి నిద్రలో కూడా చెవులు పనిచేస్తాయి.

నేను ఈ తడిగుడ్డలు పిండుతూ చెప్తాను. చేతులు ఊరికే ఉంటే నాకు నోరు పెగలదు.

ఆయన సంగతి మీకు కొత్తగా చెప్పాలా? చంకనేసుకుని పెంచారు. లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ దగ్గర రోజంతా హోటళ్ళ దుప్పట్లు నున్నగా తోసి తోసి, ఇంటికొచ్చాక నా మీద ముడతలు వెతుకుతాడు. నేను మడతపెట్టిన తువ్వాలు ఏనాడైనా బీరువాలో అలాగే ఉండనిచ్చాడా? విప్పుతాడు, ఓసారి దులుపుతాడు, మళ్ళీ మడతపెడతాడు. నోటితో ఏమీ అనడు. అంటే బాగుండునే, నేనూ నాలుగు అనేదాన్ని.

నవ్వండి, నవ్వండి. మీ ఇంట్లో అయితే తెలిసేది.

చెడ్డవాడని అనడం లేదు. తాగుడు లేదు, చెయ్యెత్తడం లేదు. ఒక్క మంచిమాటకి మాత్రం నేను మొహం వాచిపోయాను వదినా.

ఆ రోజు మధ్యాహ్నమే వచ్చేశాడు. ఎప్పుడూ అలా రాడు. ఆవిరి బయటికి లాగే ఫ్యాను పాడైందని అంతకుముందు చెప్పాడు, ఆయన సణుగుడులో అదొకటనుకుని ఊరుకున్నాను. చెప్పులు విప్పకుండా లోపలికొచ్చాడు. నేను మంచం మీద బట్టలు మడుస్తున్నా. చెప్పులతో వచ్చాడేమిటని నోరు తెరవబోయేలోపే, నా చేతిలో దుప్పటి చూసి, ఎంత బాగా మడతపెట్టావే అన్నాడు.

అవును. ఆయనే. నాతోనే.

ఒంట్లో బాగాలేదా అనే అడిగాను. బాగానే ఉంది, ఇలా కూర్చో అన్నాడు. కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుని, ఆ రోజు నేను రావాల్సింది అన్నాడు. ఏ రోజు అన్నాను. మీ అమ్మ పోయినప్పుడు అన్నాడు.

మీకు గుర్తుందో లేదో, అప్పుడు ఆయన రాలేదు. హోటలు దుప్పట్ల పని ఉందని ఉండిపోయాడు. నేనొక్కదాన్నే వెళ్ళి, ఒక్కదాన్నే తిరిగొచ్చాను. వచ్చేసరికి అన్నం తింటూ, ఉప్పు ఎక్కడుంది అని అడిగాడు. అంతే, తర్వాత ఇన్నేళ్ళలో మా మధ్య ఆ ఊసు లేదు. నేను లోపల ఎంత కుళ్ళిపోయానో మీకెవరికీ చెప్పలేదు.

అలాంటి మనిషి నోరు విప్పాడు. మీ అమ్మ నన్ను ఎంత బాగా చూసుకునేది, నేను రావాల్సింది, ఎందుకు రాలేదంటే, అంటాడు. అని ఆగిపోతాడు. కిటికీ వంక చూస్తాడు. మళ్ళీ మొదటికొస్తాడు. ఎందుకు రాలేదంటే, అంటాడు. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కదిలితే ఎక్కడ ఆపేస్తాడోనని మంచినీళ్ళకి కూడా లేవలేదు.

తెలియక కూర్చున్నావు, నీ తప్పేముంది అంటున్నారా? మీరు ఆ మాటే అంటారని తెలుసు నాకు. ఇన్నాళ్ళూ చెప్పకపోవడం కూడా అందుకే.

తెలియక కాదు వదినా. నా చెయ్యి ఆయన చేతిలో ఉంది కదా, పెనం మీద పెట్టినట్టుంది. రోజూ చొక్కా పిండితే నీళ్ళు కారే మనిషికి ఆ రోజు ఒంటి మీద చెమట చుక్క లేదు. పోయిన వేసవిలో వాళ్ళ లాండ్రీలోనే ఒకాయన వడదెబ్బ తగిలి ఇలాగే పొంతన లేకుండా మాట్లాడి మాట్లాడి కూలబడ్డాడని, అలా కనిపిస్తే ముందు నీళ్ళు పోసి ఆస్పత్రికి తీసుకెళ్ళాలని, నాకు చెప్పింది మీ తమ్ముడే. అది నాకు గుర్తొచ్చింది కూడా. వచ్చినా, ఈ ఒక్కమాట పూర్తికానీ అనుకున్నాను.

ఎంతసేపు అని అడక్కండి. పొయ్యి మీద పెట్టిన పప్పు మాడి వాసనొచ్చింది. అంతసేపు.

మాట పూర్తికాలేదు. కళ్ళు తేలేసి పక్కకి ఒరిగిపోయాడు. అప్పుడు లేచాను. బకెట్లు కుమ్మరించాను, కేకలు పెట్టాను, పక్కింటాయన కారు తీశాడు. అందరూ చూసింది అదే. మీరు అందరికీ చెప్తున్నదీ అదే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది, పడిపోయే ముందు తేడాగా ఏమైనా మాట్లాడాడా అని. లేదండీ, వస్తూనే పడిపోయాడు అన్నాను. ఆవిడ రాసుకుంది. ఎంత తొందరగా చల్లబరిస్తే అంత మేలు, మీరు మంచిపని చేశారమ్మా అని నా భుజం తట్టింది. ఆ భుజం ఇప్పటికీ బరువుగానే ఉంది నాకు.

ఆ కుడిచెయ్యి వణుకు చూస్తున్నారుగా. గ్లాసు ఇస్తే సగం పక్కమీదే. గోడ పట్టుకోనిదే నడవలేడు. నెమ్మదిగా తగ్గొచ్చు, కొందరికి తగ్గకపోవచ్చు అన్నారు. నిన్న తువ్వాలు మడతపెట్టబోయాడు. అంచు అంచుకి కలవదు. మూడోసారి నా ఒళ్ళో పడేసి గోడ వైపు తిరిగిపోయాడు. ఆ చెయ్యి అలా అవడంలో నా వాటా ఎంతో ఎవరు తేలుస్తారు చెప్పండి?

పైగా నన్నే అడుగుతాడు, ఆ రోజు నేనేమైనా అన్నానా అని. ఆయనకేమీ గుర్తులేదు. ఏమీ అనలేదు, వచ్చారు పడిపోయారు అన్నాను. అన్నారని చెప్తే, మరి అప్పుడే ఎవరినైనా ఎందుకు పిలవలేదే అంటాడు కదా. ఇన్నేళ్ళకి దొరికిన ఆ సగం మాట కూడా నాది అని చెప్పుకునే దారి లేకుండా పోయింది.

మీరు కళ్ళు తుడుచుకోకండి. తిట్టండి, నాకు అదే సుఖం. డాక్టరమ్మకి నిజం నేనే చెప్తాను. మీరు పక్కన ఉంటే చాలు.

ఇంకా అయిపోలేదు. ఇదంతా ఇవాళే ఎందుకు చెప్తున్నానంటే, మొన్న సాయంత్రం మీరు మందుల షాపుకి వెళ్ళినప్పుడు ఆయనకి ఒళ్ళు కాస్త వెచ్చబడింది. నేను థర్మామీటరు కోసం లేచాను. వెనకనుంచి మెత్తగా, ఇలా కూర్చో అన్నాడు.

కూర్చున్నాను వదినా. ఎందుకు రాలేదంటే, అంటాడేమోనని కూర్చున్నాను. ఏమీ అనలేదు. నేను లేచి జ్వరం చూసేసరికి మీరు వచ్చేశారు, పెద్దగా లేదులే అన్నారు. కానీ నేను కూర్చున్నాను.

రేపు ప్రయాణమని సంచి సర్దుకున్నారు, చూశాను. మానుకోండి. ఆయన కోసమైతే నేను అడిగేదాన్ని కాదు, ఆయన పని నేను చేసుకోగలను. నాకే ఎవరో ఒకరు కాపలా ఉండాలి.