పదకొండున్నరకి పెళ్ళి

జర్మనీలో ఓ చిన్న ఊరి పురపాలక కార్యాలయం. ఇళ్ళు కేటాయించే గుమాస్తా ఎదురుగా ముగ్గురు: రష్యా నుంచి కొత్తగా వచ్చిన మత్వేయ్, ఆయన భార్య తైసియా, గుమాస్తాకీ వాళ్ళకీ మధ్య దుబాసీగా వాళ్ళ కూతురు లీదా.

"రెండిళ్ళు ఇస్తాడట నాన్నా. నీకొకటి, అమ్మకొకటి."

"రెండెందుకే? మేమేమన్నా జమీందార్లమా? ఒకటి చాలని చెప్పు."

"చెప్పాను. ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయి కాబట్టి మీరు వేరువేరు మనుషులట. నువ్వు లపాతిన్, అమ్మ లపాతినా."

"మగాణ్ణి కాబట్టి లపాతిన్. ఆడది కాబట్టి లపాతినా. ఇందులో అర్థం కానిదేముంది?"

"అదీ చెప్పాను. ఆడా మగా అని నేనడగలేదు, పేరడిగాను అంటున్నాడు."

"పెళ్ళి కాగితం చూపించు మరి."

"చూశాడు. అందులోనూ రెండు పేర్లే ఉన్నాయి, నా మాటే నిజమైంది చూడండి అంటున్నాడు."

"వీడెవడే, మా ఊరి గుమాస్తాల తలదన్నేవాడిలా ఉన్నాడు! నువ్వు మా కూతురివని చెప్పు."

"పెళ్ళయ్యాక మా ఆయన పేరుతో నేనిప్పుడు క్రూగర్‌ని కదా నాన్నా. నన్ను కూలికొచ్చిన దుబాసీ అనుకుంటున్నాడు. పని బాగా చేస్తున్నానట."

"తైసియా, నువ్వేం మాట్లాడవే?"

"లీదా, ఒంటి మనిషికిచ్చే ఆ ఇల్లు ఎలా ఉంటుందో కనుక్కో."

"నీకెందుకే అది?"

"ఊరికేనయ్యా."

"ఒక గది, వంటిల్లు, బాల్కనీ అట అమ్మా."

"బాల్కనీయా? ఎటువైపు?"

"ఎటువైపైతే మనకేంటే! లీదా, ఏదో ఒక దారి ఉంటుంది, అడుగు."

"ఉందట. పై అంతస్తులో పెళ్ళిళ్ళు నమోదు చేసే ఆఫీసులో మీరిద్దరూ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఒకే పేరు రాస్తారట. పదకొండున్నరకి ఖాళీ ఉందట."

"నలభై మూడేళ్ళ తర్వాత మళ్ళీనా? సరే, కానివ్వు. ఏ పేరు రాస్తారు?"

"ఎవరిదైనా సరే. నీదైతే అమ్మ తైసియా లపాతిన్."

"నాకింకా మీసాలు రాలేదు. నేను పెట్టుకోను."

"అమ్మదైతే నువ్వు మత్వేయ్ లపాతినా."

"నేనా? ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపిన మనిషిని! మా ఊళ్ళో తెలిస్తే తలెత్తుకోగలనా?"

"అయితే రెండిళ్ళే నాన్నా. నీదేమో బస్సెక్కి వెళ్ళాల్సినంత దూరం."

"బస్సా?"

"రెండు బస్సులు."

"రాసెయ్యమను. లపాతినా అనే రాసుకోమను. నవ్వేవాళ్ళు నవ్వుతారు, నాకేం. ఇది పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టదే లీదా. ఇది విని నువ్వు ముసిముసిగా నవ్వక్కర్లేదు తైసియా."

"నేనేం నవ్వలేదు."

"ఇంకొక్కటే మిగిలింది నాన్నా. పైకి పంపే ముందు పెళ్ళికూతుర్ని అడగాలట, ఈ మనిషిని చేసుకోవడం తనకు ఇష్టమేనా అని."

"దాన్నడిగేదేముంది? అప్పుడెవరడిగారు? పెళ్ళైనవాళ్ళకే ఫ్యాక్టరీ గది ఇస్తామన్నారు, వెళ్ళి సంతకాలు పెట్టాం."

"అవునమ్మా లీదా, అప్పుడెవరూ అడగలేదు. మీ నాన్న కూడా అడగలేదు. ఇన్నాళ్ళకి ఈ పిల్లాడెవరో అడిగాడు, పాపం."

"అవునని చెప్పనా అమ్మా? టైమైపోతోంది."

"ఆలోచించుకుని సోమవారం చెబుతానను. ఈలోగా ఆ ఒంటి గది తాళం నా చేతికిమ్మను."