గొర్రెల సంగతి అడిగి మందు మార్చిన వైద్యులు

డాక్టర్ ముద్దుకృష్ణ గారు 1971 జూన్ పద్నాలుగవ తేదీన మన సేవా సంస్థ వారి పుంగనూరు ఆసుపత్రిలో వైద్యాధికారిగా ప్రవేశించారు. అంతకు పూర్వం సైన్యంలో వైద్యసేవలందించిన ఆ మహనీయుల నడకలో వేగమూ, మాటలో క్రమశిక్షణా ఉన్నా, రోగి మంచం పక్కన కూర్చున్నారంటే మాత్రం ఆయనకు గడియారం గుర్తుండేది కాదు. చౌడేపల్లె వైపు నుండి దగ్గుతో, ఆయాసంతో వచ్చిన రైతులు పెద్ద సూది వెయ్యమని పట్టుబడితే, "మందుకు పెద్దా చిన్నా లేదప్పా, తగిందా కాదా అనేదే సూడాల" అని నచ్చజెప్పి, న్యుమోనియాకు పెన్సిలిన్‌నే ఎంచుకునేవారు. ఆ నిగ్రహం ఎందరినో స్వస్థులను చేసి ఇళ్లకు పంపింది.

1978లో కుప్పానికి బదిలీ అయ్యాక ఆ నిగ్రహానికే గట్టి పరీక్ష ఎదురైంది. గొర్రెలు కాచుకునే నారాయణప్ప తన భార్య కెంపమ్మను న్యుమోనియాతో తీసుకువచ్చాడు. పెన్సిలిన్ పడుతున్నా జ్వరం దిగలేదు, ఆయాసం తగ్గలేదు. "పెద్ద సూది వెయ్యకుంటే బెంగుళూరు రైలెక్కిచ్చేస్తా సార్" అని నారాయణప్ప తెగేసి చెప్పాడు. ఆ స్థితిలో ప్రయాణం చేస్తే ఆమె ప్రాణం దక్కదని డాక్టరు గారికి తెలుసు. తన మందు పనిచేయడం లేదనీ తెలుసు. ఏం చెయ్యాలో తోచక, అతణ్ణి కాస్త కూర్చోబెట్టడానికే అన్నట్టు మాట కలిపారు.

"ఇంటికాడ గొర్రెల్ని ఎవురు సూసుకుంటాండారప్పా?"

"ఏం గొర్రెలు సార్! సూడి గొర్రెలన్నీ ఈసుకుపోయినాయి. సచ్చిన పిల్లల్ని ఈమే గదా సేతుల్తో తీసి పారేసింది!"

డాక్టరు గారు లేచి నిలబడ్డారు. "ఈ మాట ముందే యాల చెప్పలేదప్పా?"

"మీరు అడగలేదు గదా సార్."

ఇలా ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకుండానే చూలు పోయిన గొర్రెల నుండి మనుషుల ఊపిరితిత్తులకు సోకే జ్వరం ఒకటుంది. దానికి పెన్సిలిన్ పనిచేయదు, టెట్రాసైక్లిన్ పనిచేస్తుంది. వెంటనే నర్సు ఆదిలక్ష్మి గారిని పిలిచి మందు మార్పించారు. క్యాప్సూల్ చూసి నారాయణప్ప నీరుగారిపోయాడు. "పెద్ద సూది అడిగితే ఉండే సూది గూడా తీసేసినారే!" అని గోడకు చేరగిలబడ్డాడు. పాపం, డాక్టరు గారికీ ధైర్యం అంతంతమాత్రమే. కానీ మందు అందుకుంది. జ్వరం దిగింది. కెంపమ్మ కళ్లు తెరిచి, ఆసుపత్రి రొట్టె వద్దు, రాగిసంగటి కావాలని మొగుణ్ణి కసురుకున్న పూట, ఆ సైనిక వైద్యులు వార్డు మధ్యలో నిలబడి పకపకా నవ్వారు. ఆనందం పట్టలేక అందరికీ కాఫీలు తెప్పించారు.

అప్పటి నుండి ఎవరు దగ్గినా ఆయన మొదటి ప్రశ్న "మీ గొడ్లు బాగుండాయా?" అనే. దాంతో గొడ్ల డాక్టరనే పేరూ స్థిరపడింది. "నాకు గొడ్లు లేవు సార్, ముగ్గురు బావమరదులుండారు" అన్న మన గుమాస్తా చెంగయ్యకు కూడా ఓపికగా ఛాతీ పరీక్షించి పంపారు.

1983 నుండి మదనపల్లెలో ప్రధాన వైద్యులుగా ఉంటూ, యువవైద్యులకు మందు ఎంచుకునే ముందు మనిషిని అడగడం నేర్పారు. ఇంట్లో భోజనం చల్లారిపోతున్నా వారి సతీమణి అన్నపూర్ణమ్మ గారు ఏనాడూ విసుక్కోలేదని మనమంటాం. బాగానే విసుక్కున్నానని ఆవిడే నవ్వుతూ చెబుతారు.

ఈ 1989 ఆగస్టు నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ముద్దుకృష్ణ గారికి ఆయురారోగ్యాలను, మనశ్శాంతిని, వేళకు వేడి భోజనాన్ని సహోద్యోగులందరమూ మనసారా ఆకాంక్షిస్తున్నాం. అయితే మనకంటే ముందే, విషయం విని కుప్పం నుండి బస్సెక్కి వచ్చిన కెంపమ్మ ఆయన చేతులు పట్టుకుని దీవించి వెళ్లింది: "నూరేండ్లు సల్లగా ఉండు సామీ. ఎప్పుడన్నా ఒంట్లో బాగలేకుంటే నీకు నువ్వే మందు రాసుకోబాక. నీ మాదిరిగా కూర్సోని అడిగేవాళ్లకాడికి పో."