పద్మనాభం గారి పథ్యం కాగితం

సభకు అధ్యక్షత వహిస్తున్న జనార్దనరావు గారికి, ఢిల్లీ వదిలి రాజమండ్రికి వెళ్లిపోతున్నారని ఈ రోజు మనమంతా సన్మానించుకుంటున్న పద్మనాభం గారికి, ముందు వరుసలో కూర్చున్న మా హాస్టల్ వార్డెన్ లీలావతి ఆంటీకి, మన ఢిల్లీ తెలుగు సంఘం పెద్దలకు, లక్ష్మీ నగర్ నుంచి రెండు బస్సులు మారి ఈ అశోకా రోడ్డుకు వచ్చిన మా హాస్టల్ అమ్మాయిలకు నమస్కారం. నా పేరు కోటేశ్వరి. ఈ ప్రసంగం కాగితం మీద రాసుకొచ్చాను. నిన్నటిదాకా రాసుకున్నది వేరే. దాన్ని మధ్యాహ్నం చించేసి ఇది రాశాను. ఎందుకో ముందే చెప్తాను. ఈ ఉదయం మా మెస్సులో మా బరువుల తూకం జరిగింది. పోయిన నెలలో చేరిన సహస్ర అనే పద్దెనిమిదేళ్ల పిల్ల శుక్రవారం నుంచి తిండి మానేసి, నిన్న సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా మానేసి, ఈ జులై ఎండలో ఆ మిషన్ ఎక్కింది. దిగుతూ కింద పడిపోయింది. లేపి మొహాన నీళ్లు చల్లితే ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "అక్కా, ఎంత చూపించింది?" అని. ఇది విన్న తరువాత పొగడ్తలు రాసిన కాగితం నా చేతిలో నిలవలేదు.

మా హాస్టల్ సంగతి తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. ప్రతి నెల మొదటి ఆదివారం టిఫినుకు ముందు మా ముప్పై ఇద్దరినీ వరుసలో నిలబెట్టి బరువు చూస్తారు. పేరు పక్కన అంకె నోటీసు బోర్డు మీద రాస్తారు. తగ్గిన వాళ్లకు ఆకుపచ్చ సిరా, తగ్గని వాళ్లకు, పెరిగిన వాళ్లకు ఎర్ర సిరా. ఎర్ర సిరా వాళ్లు ఆ నెలంతా రొట్టెల బల్ల దగ్గరే కూర్చోవాలి. రెండు పుల్కాలు, ఉడికించిన సొరకాయ, ఒక కప్పు పలచటి మజ్జిగ. పక్క బల్ల మీద పప్పూ అన్నమూ ఆవిర్లు కక్కుతుంటాయి. చూడొచ్చు, తినకూడదు. (నవ్వులు)

నవ్వండి, ఫర్వాలేదు. మేము కూడా మొదట్లో నవ్వుకున్నాం.

ఈ పద్ధతి పెట్టింది మా హాస్టల్ బాగోగులు చూసే పద్మనాభం గారు. ఆయన గురించి చెడ్డగా ఒక్క మాట చెప్పడం నాకు తేలిక కాదు. మూడేళ్ల కిందట నేను న్యూఢిల్లీ స్టేషన్లో దిగినప్పుడు నాకు హిందీ రాదు, ఇంగ్లీషు నోట్లోంచి బయటికి రాదు. మా అమ్మ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసే పని చేస్తుంది. మా ఇంట్లో బడి గడప దాటి లోపలికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. అలాంటి నా రేకు పెట్టెను ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చిన ఈ అంకుల్ తన భుజం మీద పెట్టుకుని మెట్లు ఎక్కారు. ధౌలా కువాన్ కాలేజీలో నా దరఖాస్తు ఆయనే నింపారు. తండ్రి సంతకం దగ్గర వేలిముద్ర ఉందని గుమాస్తా మొహం చిట్లిస్తే, "భయ్యా, ఆ వేలే ఈ పిల్లను ఇక్కడిదాకా పంపింది, ముద్ర వెయ్యి" అన్నారు. అది నేను బతికినంత కాలం మరిచిపోను. కోపం కూడా అందుకే ఇంత వచ్చింది. పరాయి మనిషి చేస్తే నేను బస్సెక్కి వెళ్లిపోయేదాన్ని.

రెండేళ్ల కిందట ఆయనకు గుండెపోటు వచ్చింది. ఆసుపత్రి నుంచి ఒక పథ్యం కాగితం ఇచ్చారు. దాని ప్రకారం తిని, రోజూ తెల్లారి నడిచి, ఆయన పన్నెండు కిలోలు తగ్గారు, నిక్షేపంగా ఉన్నారు. మాకందరికీ సంతోషమే. ఆ కాగితం ఆయన ప్రాణం కాపాడింది కాబట్టి అందరి ప్రాణాలూ కాపాడుతుందనుకున్నారు. దాన్ని జెరాక్స్ తీయించి మా మెస్సు గోడకు అంటించారు. అయ్యా, ఆ కాగితం మీద పైనే రాసి ఉంది, యాభై ఏడేళ్ల మగమనిషి అని. మా వంటావిడ చదవలేదు, ఆమెకు చదువు రాదు. మా హాస్టల్ కమిటీలో ఏడుగురు చదువుకున్న వాళ్లున్నారు. వాళ్లూ చదవలేదు. (సభలో కదలిక)

ఈ తూకాలు మొదలైనప్పుడు నా బరువు యాభై నాలుగు కిలోలు. నా ఎత్తుకు అది సరైన బరువేనని ఇప్పుడు తెలుసు. బోర్డు మీద మాత్రం తగ్గలేదని నా పేరు ఎర్రగా ఉండేది. చెప్పిన మాట వినే పిల్లను నేను. వింటేనే కదా ఇంత దూరం చదువుకున్నాను. పుల్కాలు రెండు నుంచి ఒకటి చేశాను. ఈ ఏడాది ఫిబ్రవరికి నలభై ఒకటి. ఆకుపచ్చ సిరా, చప్పట్లు. "చూడండమ్మా, కోటేశ్వరిని చూసి నేర్చుకోండి, ఆడపిల్ల అంటే ఇలా కట్టెపుల్లలా ఉండాలి" అన్నారు లీలావతి ఆంటీ. మీ చేతుల్లో ఉన్న సంచికలో ఆరో పేజీలో వేసిన నా ఫొటో అప్పటిదే.

ఆ ఫొటోలో కనిపించనిది చెప్తాను. మగవాళ్లు కూడా వినండి, తల దించుకోవక్కర్లేదు. అప్పటికి ఏడు నెలలుగా నాకు నెలసరి రాలేదు. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. సెప్టెంబరు ఉక్కలో కూడా రెండు దుప్పట్లు కప్పుకునేదాన్ని. మెట్లెక్కితే కళ్లు చీకట్లు కమ్మేవి. ఆంటీకి చెప్తే, "ఢిల్లీ నీళ్లు పడలేదు నీకు" అన్నారు. మన తెలుగువాళ్లం ఈ ఊళ్లో దేనికైనా అదే అంటాం కదా. జుట్టు రాలితే నీళ్లు, మొటిమలొస్తే నీళ్లు, పరీక్ష తప్పినా నీళ్లే. (నవ్వులు) నేనూ నమ్మాను. ఏడు నెలలు కాచి చల్లార్చిన నీళ్లు తాగాను. అన్నం మాత్రం తినలేదు.

చివరికి ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ అడిగింది, "బేటా, దిన్ మే క్యా ఖాతీ హో?" రోజుకు ఏం తింటావని. నేను గర్వంగా చెప్పాను, ఒక పుల్కా, సొరకాయ అని. "ఔర్?" అంది. ఇంకేమీ లేదన్నాను. ఆమె కలం కింద పెట్టి నా వైపు చూసింది. ఆ తరువాత నిదానంగా చెప్పింది. తిండి చాలనప్పుడు ఒళ్లు ఊపిరికీ గుండెకీ దాచుకుని, లేకపోయినా బతకగలిగిన పనులు ఒక్కొక్కటే ఆపేస్తుందట. నెలసరిని నడిపించే హార్మోన్లకు మెదడు నుంచి వెళ్లే కబురు ఆగిపోతుందట. ఇలాగే సాగితే ఇరవై ఏళ్లకే ఎముకలు గుల్లబారతాయట. రక్తం ఎనిమిదే ఉంది. మందుల కంటే ముందు ఆమె రాసిచ్చినవి అన్నం, పప్పు, రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు, గడ్డ పెరుగు.

అవి మా మెస్సులో అందరి ముందూ నేను తినలేను, ఆదర్శ బాలికను కదా. బస్టాపు దగ్గర బండి మీద ఉడికిన గుడ్లు కొనుక్కుని, దొంగతనం చేసినట్టు గోడ వైపు తిరిగి తిన్నాను. నాలుగు నెలలకు నెలసరి వచ్చింది. ఈ ఉదయం నా బరువు నలభై తొమ్మిది. ఎర్ర సిరాతో రాశారు. సాయంత్రం అదే నన్ను బరువు తగ్గడంలో విజేత అని పిలిచి ఈ వేదిక ఎక్కించారు.

నేను ముందే పోస్టులో పంపిన సంచికలో ఆ ఫొటో చూసి మా అమ్మ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. "ఏందే కోటీ, ఇట్టయిపోయావు. ఆడ అన్నం పెట్టటంలా? పెట్టకపోతే చదువూ వద్దు ఏమీ వద్దు, వచ్చెయ్యి" అంది. ఏ పరీక్షా లేకుండా, ఏ మిషనూ లేకుండా చెప్పింది.

(అధ్యక్షులు బల్ల మీద తట్టారు)

ఒక్క నిమిషం సార్. శాలువా కప్పడానికి, ఫొటోలకు అరగంట పట్టింది, నేనేమీ అనలేదు. (నవ్వులు)

బరువు తగ్గొద్దని నేను చెప్పడం లేదు. తగ్గాల్సిన వాళ్లుంటారు. మా హాస్టల్లోనే ఒక అక్క ఉంది, పేరు చెప్పొద్దంది. అందరికంటే తక్కువ తినేది, అయినా నెలనెలా పెరిగేది. చాటుగా తింటోందని ఆంటీ అందరి ముందూ ఆమె పెట్టె తెరిపించి బిస్కెట్ల కోసం బట్టలు దులిపించారు. పెట్టెలో పుస్తకాలు తప్ప ఏమీ లేవు. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ అని తేలింది. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకోవడమే వైద్యం. ఆంటీ, ఆ రోజు దులిపిన బట్టలు మళ్లీ మడత పెట్టింది నేను. ఆ అక్క ఏడవలేదు, అదే నాకు ఎక్కువ బాధ వేసింది. ఇద్దరిదీ బరువు సమస్యేనన్నారు. నాకు కావలసింది అన్నం, ఆమెకు కావలసింది మాత్ర. ఇద్దరికీ పెట్టింది సొరకాయ.

ఇప్పుడు ఎక్కువ తగ్గిన అమ్మాయికి ఏటా ఇచ్చేలా పద్మనాభం గారి పేరిట ఒక షీల్డ్ ప్రకటించారు. మొదటిది నాకే. దాన్ని నేను తీసుకోను. అంకుల్, మీ మీద గౌరవం ఉంది కాబట్టే తీసుకోను. ఆడపిల్లల ఆకలికి మీ పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

మా పదిహేడు మంది సంతకాలతో ఒక కాగితం తెచ్చాను, ఇదిగో, అధ్యక్షుల వారికి ఇస్తున్నాను. అడిగింది కొంచెమే. బోర్డు మీద బరువులు రాయడం ఆపాలి. రొట్టెల బల్ల తీసేసి అందరికీ ఒకే వంట పెట్టాలి. ఏడాదికొకసారి రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఎవరు తగ్గాలో ఎవరు పెరగాలో డాక్టరు చెప్పాలి, అదీ ఆ అమ్మాయికి ఒక్కదానికే చెప్పాలి. పద్మనాభం గారూ, గురువారం మీరు రాజమండ్రి బండి ఎక్కుతున్నారు. ఈలోగా ఒక్కసారి మెస్సుకు వచ్చి, గోడ మీది ఆ కాగితం మీ చేత్తో మీరే తీయండి. మేము తీస్తే తిరగబడ్డామంటారు.

కమిటీ వారు జులై ముప్పై ఒకటి, సోమవారం లోగా మాకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. చూద్దాం, ఆలోచిద్దాం అనే జవాబు వద్దు. అవునో కాదో చెప్పండి. ఆగస్టు ఆరున మళ్లీ తూకం ఉంది. అప్పటికి జవాబు రాకపోతే, ఆ ఉదయం మేము పదిహేడు మందిమి వరుసలో నిలబడం. అన్నం బల్ల దగ్గర కూర్చుని, కడుపు నిండా తిని లేస్తాం.

ఇంతసేపు ఓపికగా విన్న పెద్దలకు, నన్ను చదివించిన పద్మనాభం గారికి కృతజ్ఞతలు. సెలవు.